ఇంతమంది స్టార్లు ఉండి కూడా ఎందుకు ఓడిపోతున్నారు? డల్లాస్‌లో పై వరుసలో కూర్చుని నేను చూసింది

ప్రశ్న: పెద్ద పెద్ద స్టార్లు ఉన్న ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు సీజన్ మొదట్లోనే ఓడిపోతూ ఉంటే ఆ జట్టు మీద ఆశ వదులుకోవాల్సిందేనా? కోచ్‌ని మార్చాలా, ఆటగాళ్లని మార్చాలా?

అంత తొందరగా ఆశ వదులుకోకండి. కాకపోతే ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అన్న పట్టిక ఒక్కటే చూస్తే జట్టు దారిలో పడుతోందో లేదో తెలియదు. నాకు ఈ సంగతి 2010 నవంబరు 27 రాత్రి బాగా అర్థమైంది.

అప్పుడు నేను టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాణ్ణి. థాంక్స్‌గివింగ్ సెలవులకి మా పెద్దమ్మగారి అబ్బాయి హ్యూస్టన్ నుంచి వచ్చాడు. ఇద్దరం డల్లాస్ మావెరిక్స్, మయామీ హీట్ మ్యాచ్‌కి టికెట్లు కొన్నాం. అన్నయ్య డల్లాస్ అభిమాని. నేను మాత్రం మయామీ కోసమే వెళ్లాను. ఆ వేసవిలో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ని, క్రిస్ బాష్ టొరాంటోని వదిలి వచ్చి డ్వేన్ వేడ్‌తో కలిశారు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే మయామీలో పెద్ద వేడుక చేశారు. ఎన్ని టైటిళ్లు గెలుస్తామో లెబ్రాన్ వేదిక మీద ఏడు దాకా లెక్కపెట్టాడు.

తీరా సీజన్ మొదలయ్యాక బోస్టన్‌లో మొదటి మ్యాచే 88-80తో పోయింది. తొలి క్వార్టర్‌లో, అంటే మ్యాచ్ మొదటి పావు భాగంలో, కొట్టింది 9 పాయింట్లు. రెండు వారాల తర్వాత సొంత కోర్టులో యూటా మీద 22 పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా ఓడారు. ఆ రోజు పాల్ మిల్‌సాప్ 46 పాయింట్లు కొట్టాడు. అందులో మూడు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఆఖరి అర నిమిషంలోనే! మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లి రెండు పాయింట్ల తేడాతో చేజారింది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇవన్నీ చూసినా తప్పు ఎక్కడ జరుగుతోందో నాకు అంతుపట్టలేదు.

డల్లాస్‌లో మా సీట్లు బాగా పైన, దాదాపు కప్పు కింద. మొదట కొంచెం నిరాశపడ్డాను గానీ ఆ సీట్ల వల్లే అసలు సంగతి తెలిసింది. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది. పైనుంచి చూస్తే పదిమందీ ఒకేసారి కనిపిస్తారు. లెబ్రాన్ బంతితో ముందుకొస్తుంటే వేడ్ అవతలి మూల చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. మరుసటిసారి బంతి వేడ్ చేతిలో ఉంది, ఈసారి నిలబడడం లెబ్రాన్ వంతు. బాష్ ఇద్దరికీ మధ్యలో చేతులు చాచి పాస్ కోసం చూస్తున్నాడు. ఒకసారి నువ్వు, ఒకసారి నేను అన్నట్టు వంతులు వేసుకున్నారు.

అవతలివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? వేడ్‌కి దూరం నుంచి వేసే త్రీ ఎప్పుడూ అంత నికరంగా పడేది కాదు. కాబట్టి మూల నిలబడ్డ వేడ్‌ని కాయాల్సినవాడు అతణ్ణి వదిలేసి రింగు ముందుకి వచ్చేయొచ్చు. వెనక ఏడడుగుల టైసన్ చాండ్లర్ ఉండనే ఉన్నాడు. లెబ్రాన్ లోపలికి దూసుకొచ్చిన ప్రతిసారీ అక్కడ ముగ్గురు తయారుగా ఉన్నారు. నేను అన్నయ్య మోచెయ్యి పట్టుకుని, “బంతిని చూడకు, వేడ్‌ని చూడు” అన్నాను. రెండు నిమిషాలు చూసి, “అవున్రా, మనిషి అక్కడ ఉన్నట్టే లేడు” అన్నాడు. మ్యాచ్ 106-95తో డల్లాస్ గెలిచింది. మయామీ 9 గెలుపులు, 8 ఓటముల దగ్గర నిలిచింది.

నాకది వెంటనే పట్టుబడడానికి కారణం ఉంది. భీమవరంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి నేను పాయింట్ గార్డ్‌ని, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాణ్ణి. నా రెండో ఏడాది జిల్లా జట్లకి ఆడినవాళ్లు ముగ్గురు ఒకేసారి మా కాలేజీలో చేరారు. ఆ ఏడు కప్పు మాదేనని ఊరంతా చెప్పుకున్నాం. మొదటి టోర్నమెంట్‌లోనే మాకంటే పొట్టి జట్టు చేతిలో ఓడిపోయాం. నేను బంతి తేగానే మూడు వైపుల నుంచి చప్పట్లు, “ఇటివ్వు, ఇటివ్వు” అని. ఇచ్చాక మిగతా ఇద్దరూ కదిలేవాళ్లు కాదు. సీనియర్లు వాళ్లకి పొగరన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నారు. నాకు ఆ మాట అన్యాయంగా తోచింది, ఇప్పటికీ అంతే. ఆ ముగ్గురూ మంచి పిల్లలు. అప్పటిదాకా వాళ్ల జట్లలో బంతి ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉండేది. అది లేనప్పుడు ఏం చేయాలో వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అంతే.

మా పీడీ సార్ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే, సిమెంటు కోర్టు ఇంకా మంచుకి తడిగా ఉండగానే అందర్నీ పిలిచి ఒకే ఒక్క నియమం పెట్టారు: బంతి నేలకి తగలకూడదు. డ్రిబుల్ లేదు, పాస్ మాత్రమే. ఒక్కసారి తగిలినా బంతి అవతలి జట్టుది. రెండు రోజులు ఎవ్వరూ ఒక్క బాస్కెట్ కూడా సరిగ్గా వేయలేకపోయారు. బంతి పట్టుకున్నవాడు చేతులు తలపైకెత్తి దిక్కులు చూసేవాడు. మూడోరోజు ఆ ముగ్గురిలో పొడుగువాడు తనంతట తానే వెళ్లి నన్ను కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడ్డాడు, నాకు దారి దొరికింది. సార్ విజిల్ వేసి ఆట ఆపి, వాడి దగ్గరకి వెళ్లి భుజం తట్టారు. బాస్కెట్ వేసింది నేను, మెచ్చుకోలు వాడికి. మిగతా ఇద్దరూ అది చూశారు.

మళ్లీ మయామీ దగ్గరికి వస్తాను. ఆ డల్లాస్ మ్యాచ్‌లో టైమ్‌అవుట్‌కి వస్తూ లెబ్రాన్ భుజం కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రాకి తగిలింది. పైనున్న మాకు అది కనబడనే లేదు. ఇంటికొచ్చాక టీవీ పెడితే ఆ రెండు సెకన్లే పదే పదే వేస్తున్నారు. కోచ్ పని అయిపోయిందని అందరూ తేల్చేశారు. జట్టు అధ్యక్షుడు పాట్ రైలీ 2005 డిసెంబరులో స్టాన్ వాన్ గండీ స్థానంలో తానే కోచ్‌గా దిగి, ఆ సీజన్‌లోనే టైటిల్ గెలిచిన మనిషి. మళ్లీ అదే చేస్తాడనుకున్నారు. ఆయన దిగలేదు. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు తమలో తాము కూర్చుని మాట్లాడుకున్నారు. తర్వాతి 22 మ్యాచుల్లో 21 గెలిచారు! ఆ ఒక్క ఓటమి కూడా డల్లాస్ చేతిలోనే.

ఆ ఆరంభానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి, వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. వేడ్ తొడ కండరం నొప్పితో ప్రాక్టీస్ మ్యాచులకి దాదాపు దూరమయ్యాడు కాబట్టి ముగ్గురూ కలిసి ఆడడం నేర్చుకున్నది అసలు మ్యాచుల్లోనే. ఇక డబ్బు. ఆ ఏడు జట్టు జీతాల పరిమితి 58 మిలియన్ డాలర్లు. అందులో ఈ ముగ్గురికే 43 దాకా పోయాయి. మిగతావాళ్లలో చాలామంది కనీస జీతానికి వచ్చినవాళ్లే. దానికి తోడు జట్టులో మైక్ మిల్లర్ చేతి బొటనవేలు, యుడోనిస్ హాస్లెమ్ పాదం దెబ్బతిన్నాయి.

అయితే 21 గెలిచారు కదా అని జబ్బు నయమైపోలేదు. 58 గెలుపులతో ఫైనల్ దాకా వెళ్లి, మళ్లీ డల్లాస్ చేతిలోనే మ్యాచుల లెక్కన 4-2తో ఓడారు. నాలుగో మ్యాచ్‌లో లెబ్రాన్ 8 పాయింట్లే చేశాడు. మూల నిలబడిపోయే ఆ పాత అలవాటు అక్కడ మళ్లీ కనిపించి నా మనసు కలుక్కుమంది. అసలు మందు 2012లో దొరికింది. బాష్ సెంటర్‌గా, అంటే మామూలుగా రింగు దగ్గర ఉండే పొడుగువాడి స్థానంలో, ఆడడానికి ఒప్పుకున్నాడు. టొరాంటోలో ఆఖరి ఏడాది సగటున 24 పాయింట్లు కొట్టినవాడు, మయామీకి వచ్చాక తన వాటా తగ్గుతున్నా సర్దుకున్నాడు. షేన్ బాటియర్ లాంటి షూటర్లు చుట్టూ నిలబడితే రింగు ముందు దారి తెరుచుకుంది. 2012, 2013 టైటిళ్లు రెండూ వాళ్లవే, కోచ్ అదే స్పోల్‌స్ట్రా. ఆ టైటిళ్ల ఘనత పంచితే నేను బాష్‌కి అందరూ ఇచ్చేదానికంటే పెద్ద వాటా ఇస్తాను.

అన్ని జట్లూ ఇలా కోలుకోవు. 2012-13లో లేకర్స్ దగ్గర కోబీ బ్రయంట్, స్టీవ్ నాష్, డ్వైట్ హోవర్డ్, పావ్ గసోల్ ఉన్నారు. అయిదు మ్యాచుల్లో నాలుగు ఓడగానే కోచ్ మైక్ బ్రౌన్‌ని తీసేశారు. లాభం లేకపోయింది. నాష్‌కి అప్పటికే 38 ఏళ్లు, రెండో మ్యాచ్‌లోనే కాలి ఎముక విరిగింది. హోవర్డ్‌కి అంతకు కొన్ని నెలల ముందే వెన్ను ఆపరేషన్ అయింది. కిందామీదా పడి 45 గెలిచి ప్లేఆఫ్స్‌కి (టైటిల్ కోసం ఆడే చివరి పోటీలకి) చేరినా, అప్పటికే కోబీ మడమ వెనక స్నాయువు తెగి ఆగిపోయాడు. మొదటి రౌండ్‌లో శాన్ ఆంటోనియో చేతిలో నాలుగుకి నాలుగూ ఓడారు. నేర్చుకోవాలన్నా శరీరం సహకరించాలి, అందరూ కలిసి ఆడే రోజులు ఉండాలి.

అందుకే కోచ్‌ని మార్చాలా అంటే, 20 మ్యాచులకే వద్దంటాను. స్టార్ల వయసు, గాయాలు చూసుకోండి. అవి పర్వాలేదనిపిస్తే మీ జట్టు తర్వాతి మ్యాచ్‌లో ఒక్క క్వార్టర్ పాటు బంతిని వదిలేసి, ఆ క్షణంలో బంతి చేతిలో లేని పెద్ద స్టార్ మీదే కన్ను పెట్టండి. పాస్ ఇచ్చాక కదులుతున్నాడా? ఇంకొకడి కోసం వెళ్లి అడ్డం నిలబడుతున్నాడా? లేక నడుం మీద చేతులు వేసుకున్నాడా? వారం తర్వాత మళ్లీ అతణ్ణే చూడండి. చేతులు నడుం మీద నుంచి దిగితే, ఆ రోజు స్కోరు ఎలా ఉన్నా నేనైతే సీజన్ ఆఖరిదాకా ఆ జట్టుతోనే ఉంటాను.