రైడ్ కబుర్లు రాసేటప్పుడు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి దాకా సైకిల్ మీద వెళ్లొచ్చి మీ గ్రూపు కోసం రాసిన కబురు నాకూ పంపావు, చాలా సంతోషం. నీతో పాటు మిగతావాళ్లు రాసినవి కూడా చదివాను. ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఎన్ని కిలోమీటర్లో ఉంది, సగటు వేగం ఉంది, కొండ మీదకు ఎవరు ముందు ఎక్కారో ఉంది, గ్రూప్ ఫొటో ఉంది. దారి మాత్రం లేదు. వచ్చే ఆదివారం అదే దారిలో మొదటిసారి బయల్దేరే మనిషి ఒకరుంటారు. మీ రాత చదివితే ఆ మనిషికి ఏం తెలియాలి? రాయడానికి కూర్చున్నప్పుడు ఆ ఒక్కరినీ మనసులో పెట్టుకో తల్లీ. ఏం రాయాలో, ఏది వదిలేయాలో దానంతట అదే తేలిపోతుంది. తొక్కేటప్పుడు ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

సగటు వేగంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అందరి కబుర్లూ దానితోనే మొదలవుతున్నాయి. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో. అక్కడి నుంచి దిగి వచ్చిన నీళ్లే హైదరాబాద్ అంచున గండిపేట చెరువులో చేరతాయి. అంటే గండిపేట నుంచి అనంతగిరికి పోవడమంటే ఏటికి ఎదురు పోవడం. మధ్యలో పల్లాలు ఎన్ని వచ్చినా మొత్తం మీద ఎక్కుడే. పోయేటప్పుడు కాళ్లు బరువెక్కితే ఫిట్‌నెస్ తగ్గిందేమోనని టెన్షన్ పడకు. వచ్చేటప్పుడు బండి దానంతటదే పరుగెత్తిందంటే అందులో సగం నేల చలవ.

దీనికి గాలి తోడవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పడమరకు, దారిలో ఉన్న చేవెళ్ల వైపు పోతుంటే నేరుగా ముఖం మీద కొడుతుంది, తిరిగొచ్చేటప్పుడు వీపున తోస్తుంది. చలికాలం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. తూర్పు గాలి, ఈశాన్యం గాలి. పోయేటప్పుడు హాయిగా పోతాం. ఎండ ముదిరాక, కాళ్లు అలిసిపోయాక ఎదురుగాలి మొదలవుతుంది. డిసెంబర్‌లో కొత్తవాళ్లు పొద్దున బాగా తొక్కి, తిరుగు దారిలో మొయినాబాద్ రాకముందే చతికిలపడేది అందుకే. కాబట్టి వేగం రాయి, వద్దనను. దాని పక్కనే ఏ నెల, గాలి ఎటు నుంచి ఉంది, ఎన్ని గంటలకు బయల్దేరావు అన్నది కూడా రాయి. అవి లేకపోతే ఆ అంకె ఎవరికీ ఏమీ చెప్పదు. చదివిన కొత్త అమ్మాయి తన వేగంతో పోల్చుకుని నీరసపడిపోతుంది, అంతే.

పొద్దున పడమరకు తొక్కేటప్పుడు ఇంకో సంగతి ఉంది. సూర్యుడు నీ వెనక ఉంటాడు, నీకు రోడ్డంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌కు మాత్రం ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. అతను ముందు బండిని ఓవర్‌టేక్ చేయడానికి నీ వైపు వచ్చాడంటే నువ్వు కనిపించకపోవచ్చు. నీకు బాగా కనిపిస్తోంది కదా అని ధైర్యంగా ఉండిపోతావు, ప్రమాదం అక్కడే ఉంది. తెల్లారినా సరే ముందు లైటు, వెనక లైటు రెండూ వెలుగుతూనే ఉండాలి. డిసెంబర్, జనవరిలో చేవెళ్ల దాటాక మంచు దట్టంగా పడుతుంది. అప్పుడు లైటు లేకుండా ఇంట్లోంచి కదలొద్దు.

ఇక రోడ్డు. ‘రోడ్డు బాగుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు మీరందరూ. కారుకు బాగున్న రోడ్డు మన సన్న టైరుకు బాగుండకపోవచ్చు. ఊరు మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఉందా, వరసగా రంబుల్ స్ట్రిప్స్ ఉన్నాయా, తారు అంచు దిగితే గట్టి మొరమా, వదులు కంకరా? ఇవి చెప్పాలి. టిప్పర్లు ఏ ముక్కలో ఎక్కువో చెప్పాలి. మట్టిరోడ్డు ఎక్కితే ఎర్రమట్టా, నల్లరేగడా చెప్పాలి. వానకు తడిసిన ఎర్రమట్టి మీద ఎలాగోలా పోవచ్చు. తడిసిన నల్లరేగడిలోకి దిగితే పది గజాలు కూడా పోలేవు. బంక మట్టి టైరుకు పట్టి, బ్రేకు సందులో, మడ్‌గార్డు కింద ముద్దగా ఇరుక్కుని చక్రమే తిరగదు. పుల్ల పెట్టి గీక్కుంటూ కూర్చోవాలి. ‘ముందురోజు రాత్రి వాన పడింది, ఆ అడ్డదారి వద్దు’ అని నువ్వు రాసిన ఒక్క వాక్యం ఇంకొకరి ఆదివారాన్ని కాపాడుతుంది.

వరి కోతల సంగతి తప్పకుండా రాయి. వానాకాలం పంటకు అక్టోబర్ చివరి నుంచి, యాసంగికి ఏప్రిల్, మేలో రైతులు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు కుప్పలే ఉంటాయి. వడ్ల మీదకు బండ్లు రాకుండా అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు. తెల్లవారుజాము చీకట్లో ఆ నల్ల పట్టా తారులో కలిసిపోయి కనిపించదు, రాళ్లు అసలే కనిపించవు. అందుకని ఏ ఊరి దగ్గర, ఏ పక్కన పోశారో రాయి. వడ్ల మీద నుంచి మాత్రం ఎప్పుడూ తొక్కొద్దు, చక్రం జారుతుందని మాత్రమే కాదు, అది ఒక ఇంటి ఆరు నెలల కష్టం. దిగి నడిపించుకుంటూ పక్కనుంచి పో. అక్కడ కూర్చున్న ముసలామెను పలకరించు. ఈసారి దిగుబడి ఎట్లుందో ఆమే చెబుతుంది. అదీ రాయి.

పంక్చర్ గురించి మీ గ్రూపులో ఒకరు ‘ట్యూబ్ మార్చాం, ఐదు నిమిషాలకే మళ్లీ పోయింది, దురదృష్టం’ అని రాశారు. అందులో అదృష్టం పాత్ర ఏమీ లేదు. ముల్లు టైరులోనే ఉండిపోయింది. మన దారుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఎక్కువ. మొక్కల మధ్య నుంచి బండ్లబాట పట్టామంటే పల్లేరు తప్పదు. ముల్లు గుచ్చుకుని పైన విరిగిపోతుంది. చిన్న మొన మాత్రం టైరు లోపల, గోరు అంచుకు తగిలీ తగలనట్టు మిగిలిపోతుంది. పాత ట్యూబ్ తీశాక కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకో, ఎక్కడ పోతోందో తెలుస్తుంది. వాల్వ్ నుంచి ఆ చిల్లు ఎంత దూరమో చూసుకుని, టైరులో అంతే దూరం కొలిచి అక్కడ వెతుకు. ఉత్త వేలు పెట్టకు, గుచ్చుకుంటుంది. ఒక పాత బట్ట ముక్క లోపల చుట్టూ తిప్పితే దారప్పోగు ఎక్కడ తగులుకుంటుందో అక్కడే ముల్లు. దాన్ని తీసేశాకే కొత్త ట్యూబ్. ఇంకొకటి, నీ బండికి ఉన్నది ప్రెస్టా వాల్వ్, అంటే సన్న రకం. ఊళ్లో పంక్చర్ షాపు గాలి మెషిన్ దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వాల్వ్‌కే బిగించి ఉంచుకో. ఇలాంటివి తెలిస్తే రాయండి. కొత్తవాళ్లకు వీడియోల్లో కనిపించేవి వేరు, పరిగి రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు కావాల్సినవి వేరు.

నీళ్లు, తిండి ఎక్కడో కచ్చితంగా చెప్పాలి. పొద్దున ఆరింటికి ఏ హోటల్ తెరుస్తారు, ఇడ్లీ ఎన్నింటికి దిగుతుంది, చాయ్ మాత్రమే ఉందా? చేవెళ్ల నుంచి మన్నెగూడ మధ్యలో సీసా నింపుకోవడానికి ఎక్కడ ఆగారు? నువ్వు ఆడపిల్లవు కాబట్టి నీకే చెబుతున్నా, బాత్రూమ్ సంగతి కూడా రాయి. ఏ పెట్రోల్ బంకులో ఉంది, గడియ పడుతుందా, నీళ్లున్నాయా. ఈ విషయం మగవాళ్లు ఒక్కరూ రాయరు. అది తెలియకే చాలామంది ఆడపిల్లలు దారిలో నీళ్లు తాగడం మానేసి, తలనొప్పితో ఇంటికి చేరతారు. సిగ్గుపడే విషయం కాదు, అందరికీ కనిపించేలా రాయి.

కుక్కలు వెంటపడితే దిగిపో. సైకిల్‌ను నీకూ వాటికీ మధ్యలో పెట్టుకుని నడువు, చాలావరకు అవే ఆగిపోతాయి. బర్రెల మంద అడ్డమొస్తే వెనక నుంచి పో, ముందు నుంచి దూరకు. అనంతగిరి మీద కోతులున్నాయి, అరటిపళ్లు బయటికి కనిపించనివ్వకు.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా విను. రైడ్లు రికార్డు చేసే ఆ స్ట్రావా యాప్‌లో నీ రైడ్ అందరికీ కనిపిస్తోంది. బయల్దేరిన చోటు మీ హాస్టల్ గేటే. వారం వారం అదే టైము, అదే గేటు. మొదలు, చివర కొంత దూరం మ్యాపులో కనిపించకుండా దాచే సెట్టింగ్ ఉంది, ఈ ఉత్తరం చదవడం అయ్యాక పెట్టుకో. దారిలో ఉండగా ఫొటోలు పెట్టకు, ఇంటికొచ్చాక పెట్టు. లైవ్ లొకేషన్ మీ అమ్మకో నాకో ఒక్కరికి ఇస్తే చాలు. 2018లో అందరి దారులూ కలిపి చూపే అదే స్ట్రావా హీట్‌మ్యాప్ చూసి సైనిక స్థావరాలు ఎక్కడున్నాయో, లోపల ఎటు పరుగెత్తుతున్నారో జనం కనిపెట్టేశారు. సైనికుల సంగతే అలా ఉంటే మన జాగ్రత్త మనకుండాలి.

ఆ జాగ్రత్తే ఊరివాళ్ల విషయంలో కూడా చూపించు. కలుపు తీస్తున్న ఆడవాళ్లను రోడ్డు మీద నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో ఒకటి మీ గ్రూపులో చూశాను. నాకు నచ్చలేదు. వెళ్లి అడగాలి. వద్దంటే ఊరుకోవాలి, ఒప్పుకుంటే తీసింది వాళ్లకు చూపించాలి. అలాగే ప్రతి చెరువుకూ, ప్రతి బావికీ లొకేషన్ పిన్ పెట్టొద్దు. అనంతగిరి మీద ఆదివారం సాయంత్రం ప్లాస్టిక్ చూశావు కదా. నలుగురికి తెలియడం వేరు, నాలుగు వందల కార్లు రావడం వేరు. ‘ఫలానా ఊరు దాటాక కుడివైపు అడుగు, చెబుతారు’ అని రాస్తే, అడిగే ఓపిక ఉన్నవాళ్లు మాత్రమే చేరతారు. సైకిల్ మీద వచ్చేవాళ్లకు ఆ ఓపిక ఉంటుంది.

దారి వెనక ఉన్న కథ కూడా తెలుసుకుని రాస్తే బాగుంటుంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచింది. మళ్లీ అలా జరగకుండా 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువుల్లోకి నీళ్లు శుభ్రంగా రావాలని 1996లో ప్రభుత్వం జీఓ 111 అనే ఉత్తర్వు తెచ్చి, చుట్టూ 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డు పెట్టారు. నగరానికి ఇంత దగ్గరలో నీకు ఇంకా గులాబీ తోటలు, కూరగాయల మడులు కనిపిస్తున్నాయంటే అందుకే. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల సంగతీ అంతే. మన్నెగూడ దాకా మొదట దాదాపు 900 ఉండేవి. రోడ్డు వెడల్పు కోసం కొట్టేయాలా, ఉంచాలా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఊడలు దిగిన ఆ చెట్ల కింద మార్చిలో తొక్కితే, నీడలోకి పోగానే చేతుల మీద చల్లదనం తెలుస్తుంది, బయటికి రాగానే ఎండ చురుక్కుమంటుంది. ఏ ముక్కలో నీడ ఉంది, ఏ ముక్కలో పోయింది అన్నది తేదీ వేసి రాయి. పదేళ్ల తర్వాత ఆ దారి ఎలా ఉండేదో చెప్పడానికి, ప్రతివారం కళ్లారా చూసిన మీ రాతలకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కాలాన్ని బట్టి ఒక్కో వివరం పట్టుకో, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ఫిబ్రవరి చివర్లో కొండ మీద మోదుగ పూలు. అక్టోబర్‌లో రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు. వికారాబాద్ దాటి తాండూరు వైపు పోతే కంది చేలు. తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ చేల మధ్య నుంచే పోతావు. ఆగినప్పుడు ఫోన్‌లో అరనిమిషం మాట్లాడి రికార్డు చేసుకో. సాయంత్రం స్నానం, భోజనం అయ్యాక అదే రోజు రాసేయ్. మంగళవారం దాకా ఆగావంటే మిగిలేది కిలోమీటర్లే. గ్రూపులో అందరికంటే వెనక వచ్చిన వాళ్ల చేత కూడా రాయించు. ముందు పోయినవాళ్లు చూడనివి వాళ్లు చూసి ఉంటారు, ఎక్కడ కష్టమో కూడా వాళ్లకే తెలుసు.

200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే ఇచ్చిన టైములోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కు, పేరు ఇవ్వాలా అని అడిగావు. ఇవ్వు, కానీ ఈ నెల వద్దు. దానికి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. అంటే ఆగిన టైముతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. వేగం కంటే, తినడం, తాగడం, ఎక్కువసేపు ఆగకుండా ఉండటం ముఖ్యం. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పెట్టిన ఆ పద్ధతిలో ర్యాంకులు ఉండవు, టైములోపు వచ్చినవాళ్లంతా సమానమే. అందుకే నాకది ఇష్టం. ముందు వంద దాటిన రైడ్లు కొన్ని చెయ్యి. వారం మధ్యలో నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కు. చాలావరకు నీడలో, బండ్ల బాధ లేకుండా పోవచ్చు. చీకట్లో తొక్కడానికి బ్రెవేలో లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. జాకెట్ కొనకు, నా దగ్గర కొత్తది ఒకటి ఉంది. మీ అమ్మ పండక్కి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. అడాప్టర్ కూడా అందులోనే పెడతాను.

అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మామయ్య