సంఘం బాధ్యత తీసుకున్న నీకు

నాయనా,

సంఘం పెద్దరికం నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. వందల ఏళ్ల పద్ధతులు ఒకపక్క, తగ్గిపోతున్న జనం ఒకపక్క, మధ్యలో నలిగిపోతున్నానని రాశావు. టెన్షన్ పడకు. మార్చాలా వద్దా అన్నది తర్వాత చూద్దువుగాని, ముందు ఆ పద్ధతి దేన్ని కాపాడుతోందో కనుక్కో.

అమెరికాలో అమిష్ వాళ్లనే చూడు, పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ సమాజం వాళ్లది. ఫోన్ ఇంట్లోకి వస్తే మనుషులు ఒకరి గడప ఒకరు తొక్కడం మానేస్తారని వాళ్ల భయం. కానీ డాక్టర్‌ని పిలవాలన్నా, సరుకు అమ్ముకోవాలన్నా ఫోన్ కావాలి. అందుకని చాలా చోట్ల ఇంటికి దూరంగా చిన్న చెక్క గది కట్టి, అందులో పెట్టారు. కొన్ని కుటుంబాలకు కలిపి ఒకటే. మాట్లాడాలంటే నడిచి వెళ్లాలి, పని కాగానే వచ్చేయాలి. భోజనాల దగ్గర అది మోగదు. ఎంత ఆలోచించి ఉంటారో అనిపిస్తుంది నాకు.

అన్నీ ఇలా తెగవు. అక్కడే షేకర్లని ఇంకో క్రైస్తవ సమాజం ఉంది, వాళ్లు పనిముట్ల విషయంలో ఎంతో ముందున్నవాళ్లు. విత్తనాలను చిన్న కాగితం పొట్లాల్లో కట్టి అమ్మారు, చదునైన చీపురు తయారుచేశారు. బ్రహ్మచర్యం మాత్రం వదల్లేదు, అది వాళ్ల విశ్వాసానికే మూలం. 19వ శతాబ్దంలో వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వాళ్లది తప్పని నేననను. అలాంటి చోట బయటివాళ్ల సలహా పనిచేయదు, మీరంతా కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఆ కూర్చోవడం గురించి ఒక మాట. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠానికి రాసిన నియమావళి మూడో అధ్యాయంలో, ముఖ్యమైన విషయాలకు అందరినీ పిలవమన్నాడు. మేలైనదాన్ని దేవుడు తరచు చిన్నవాళ్లకే తెలియజేస్తాడని కారణం కూడా చెప్పాడు. నీ దగ్గర కుర్రవాళ్లను ముందు మాట్లాడనివ్వు. పెద్దవాళ్లు మొదలుపెడితే వాళ్లు నోరు విప్పరు.

నేను ఆ పని చేయలేదు. పెద్దవాళ్లనూ అడగలేదు. ఉద్యోగాలవాళ్లకు వీలుగా ఉంటుందని తెల్లవారుజాము ప్రార్థనను ఒక్క సమావేశంలో సాయంత్రానికి మార్చేశాను. మర్నాడు, ఏళ్ల తరబడి దీపం వెలిగిస్తూ వచ్చిన ముసలామె తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉంది. ఆమె చేతిలో అగ్గిపెట్టె. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత పొద్దుటి ప్రార్థన తిరిగి పెట్టాం, సాయంత్రం ఇంకొకటి చేర్చాం. ఆరు నెలలు చూసి మళ్లీ కూర్చుందామని అందరి ముందూ తేదీ చెప్పాం. గడువు ఉందని తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

నీ సమావేశం వచ్చే నెలలోనే కదా. ఈలోపు ఆ ముసలామెలాంటి మనుషులు మీలో ఎవరున్నారో చూసుకుని, వాళ్ల ఇళ్లకు నువ్వే వెళ్లు. కాగితాలేమీ పట్టుకెళ్లకు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన