ఉత్సవ విగ్రహాలు చేయించబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. మన రాములవారి గుడికి సీతారామలక్ష్మణుల ఉత్సవ విగ్రహాలు చేయించాలని కమిటీ తీర్మానించిందనీ, ఆ బాధ్యత నీ నెత్తిన పెట్టారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. బతుకంతా ఇత్తడి, కంచు సామాన్ల కొట్టులో గడిపినవాణ్ణి, చుట్టుపక్కల ఊళ్ళ కమిటీలతో కలిసి స్వామిమలైకి తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది రాస్తున్నా. కమిటీలో కూడా చదివి వినిపించు.

మొదట ఎక్కడ చేయించాలనే మాట. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిపనిలో గొప్పవాళ్ళు, మన గుడి ద్వారపాలకుల్ని అక్కడే చేయించాం. లోహం పోత వేరే విద్య. కుంభకోణం పక్కన స్వామిమలైలో తరతరాలుగా ఆ పని చేసే స్థపతుల కుటుంబాలున్నాయి. అక్కడి కంచు విగ్రహాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తిరుపతిలో దేవస్థానం వారి సంప్రదాయ శిల్ప కళాశాలలోనూ లోహశిల్పం నేర్పుతారు, కాబట్టి ముందు అక్కడ విచారించు. ఎవరి దగ్గరికి వెళ్ళినా షోరూంలో మెరుగు పెట్టి నిలబెట్టినవి చూసి మురిసిపోవద్దు. వెనకున్న పనిచోటు చూపించమను. సగంలో ఉన్న విగ్రహాలు చూస్తే చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది.

అడ్వాన్సు ఇవ్వకముందే అర్చకస్వామి చేత ఒక కాగితం రాయించు. మన గుడి పూజా పద్ధతి వైఖానసమా, పాంచరాత్రమా, మూలవిరాట్టు ఎలా ఉంది, సీతమ్మ ఏ పక్కన ఉండాలి, లక్ష్మణస్వామి చేతులు ఎలా ఉండాలి, ధ్యానశ్లోకం ఏది, అన్నీ అందులో ఉండాలి. ఒంటిమిట్టలో ఒకే రాతిలో ముగ్గురూ ఉంటారు, ఆంజనేయుడు ఉండడు. అది చూసొచ్చి మనకూ ఆంజనేయుడు వద్దనేవాడు ఒకడు, కావాల్సిందేననేవాడు ఇంకొకడు తప్పకుండా తేలతారు. ఆ తగవు మన ఊర్లోనే తెంచుకోండి, స్థపతి ముందు కాదు. ఇంకొకటి, స్థపతి నోట అంగుళం అన్న మాట వస్తే టేపు తీయకు. విష్ణువు, శివుడు లాంటి మూర్తులకు ఉత్తమ దశతాళం అనే కొలత పద్ధతిలో విగ్రహం ఎత్తును 124 భాగాలు చేస్తారు. ఆ భాగమే వాళ్ళ అంగుళం. కొబ్బరాకు ఈనె తీసేసి, ఆ పట్టీకి మడతలు పెట్టి ఆ కొలతలు తీస్తారు, చూడముచ్చటగా ఉంటుంది.

ఇక ఎత్తు. కమిటీలన్నీ బోల్తా పడేది ఇక్కడే. ఒకాయన అడుగున్నర అంటాడు, చందా ఎక్కువిచ్చినాయన పక్క ఊరికంటే పెద్దగా ఉండాలి, రెండున్నర అంటాడు. ఎత్తు రెండింతలైతే బరువు రెండింతలు కాదబ్బీ, ఎనిమిదింతలు. పొడవు, వెడల్పు, మందం మూడూ రెండింతలవుతాయి కదా. పైగా ఉత్సవ విగ్రహాలు లోపల బోలు లేకుండా ఘనంగా పోస్తారు. ధర కిలో లెక్కన కట్టేచోట ఖర్చూ అలాగే పెరుగుతుంది. మూడు విగ్రహాలు, పీఠాలు, వెనక తోరణంలా నిలిపే ప్రభావళి, నగలు, పూలు, అన్నీ పల్లకీలో పెట్టి భుజాన మోసేది మన కుర్రాళ్ళే. ఊర్లో ఉండే కుర్రాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి ఎత్తు నిర్ణయించండి. నన్నడిగితే రాములవారు పీఠం కాక అడుగున్నర దాటొద్దు. మిగతా ఇద్దరిదీ ఆ లెక్కను బట్టి స్థపతి చెప్తాడు.

పల్లకీ లోపలి కొలతలు, గర్భగుడి వాకిలి వెడల్పు రాసుకునిపో. పీఠానికి కమ్మీలు దూర్చి కట్టడానికి రంధ్రాలు ఉండాలి. ప్రభావళి ఊడదీసి పెట్టేలా విడిగా ఉండాలి. రాములవారి విల్లు, బాణం కూడా విడిగానే చేస్తారు. చేతులు వాటిని పట్టుకున్న తీరులో ఖాళీగా ఉంటాయి.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. పేరుకు పంచలోహం అంటాం గానీ ఎక్కువ పాలు రాగి, కొంత ఇత్తడి, కొద్దిగా సీసం. వెండి బంగారాలు నామమాత్రం. ఏది ఎంత పాలో రాయించు. బరువు ఇంతకు మించితే మిగతాదానికి డబ్బివ్వం అనీ, పోతలో లోపం వస్తే మళ్ళీ పోసే ఖర్చు వాళ్ళదే అనీ రాయించు. బంగారం విషయంలో జాగ్రత్త. ఆడవాళ్ళు భక్తితో ఉంగరాలు, ముక్కుపుడకలు తెచ్చి ఇస్తారు. వాటిని ఇక్కడే ప్రొద్దుటూరులో కంసాలి దగ్గర అందరి ముందు తూకం వేయించి, గ్రాములతో పేర్లు రాసి, లోహం కరిగించే మూసలో వేసేటప్పుడు ఇద్దరు ఉండి చూడండి. బంగారం కలిపినంత మాత్రాన విగ్రహానికి మెరుపేమీ రాదు. అది భక్తి, అంతే. కానీ లెక్క లేకపోతే ఊర్లో ఏళ్ళ తరబడి మాటలు నడుస్తాయి.

నువ్వు తప్పకుండా వెళ్ళాల్సింది పోత రోజున కాదు, మైనం బొమ్మ పూర్తయిన రోజున. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి ముందు మొత్తం బొమ్మను మైనంతోనే చేస్తారు. ముఖం, వేళ్ళు, కిరీటం, పంచె మడతలు అన్నీ అందులోనే తేలతాయి. అప్పుడు ముక్కు కొంచెం తగ్గించమంటే నిమిషాల పని. లోహమయ్యాక అదే మాటంటే స్థపతి నీ ముఖం చూస్తాడు. అర్చకస్వామిని వెంటబెట్టుకుపో. ముందు నుంచి చూసి సరిపెట్టుకోకండి. ఉత్సవంలో జనం స్వామిని పక్కల నుంచీ కింద నుంచీ కూడా చూస్తారు. నేల మీద కూర్చుని తలెత్తి చూడండి. సీతమ్మ ముఖం ఫోన్లో ఫొటో చూసి ఓకే అనేయొద్దు. బరువు అంచనా కూడా అప్పుడే వేసుకోవచ్చు. మైనం కిలో ఉంటే లోహం సుమారు తొమ్మిది కిలోలవుతుంది.

ఆ తర్వాత కావేరి ఒండ్రుమట్టి పొరలు పూసి, నీడన ఆరబెట్టి, పిడకల మంటలో కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి రెండో కాపీ ఉండదు. వానల్లో మట్టి ఆరదు. ఆ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. పోత తర్వాత ఉలి పని, ఆకురాయి పని, మెరుగు కలిపి అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకుంటాయి. అందుకే ఈ నవమికి అని పట్టుబట్టకండి. ఈసారికి పటానికే కల్యాణం చేసి, పై నవమికి పెట్టుకోండి.

తెచ్చుకునేటప్పుడు పగటి వెలుతురులో చూడు. చంకల కింద, పీఠం అడుగున సూది రంధ్రాలుంటే వాటిలో లప్పం పెట్టి రంగు పూశారేమో గోటితో గీకి చూడు. ఒక అయస్కాంతం జేబులో వేసుకునిపో. అది అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. తూకం నీ ఎదుటే వేయాలి, బిల్లు గుడి పేరునే ఉండాలి.

ఊరికి రాగానే, అలంకారం చేయకముందే నాలుగు వైపులా, పీఠం అడుగున కూడా ఫొటోలు తీయించి ఎత్తు, బరువు, చిన్న చిన్న గుర్తులతో సహా దేవాదాయ శాఖ రిజిస్టర్లో ఎక్కించు. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు దొంగల చేతిలో పడి, 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనేదాకా పోయాడు. 2014లో తిరిగొచ్చాడు. ఆయన ఆ గుడి స్వామేనని తేల్చడానికి పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థ ఎప్పుడో తీసి దాచిన ఫొటోలు పనికొచ్చాయి. ఫొటోల్లేని విగ్రహం పోతే పోలీసులు మాత్రం ఏం వెతుకుతారు?

ఇక కడగడం. చింతపండు, నిమ్మకాయ, ఇటుకపొడి, డబ్బాలో దొరికే తోమే పొడి, వీటిని స్వామి ముఖానికి తాకనివ్వొద్దు. బిందెలు తోమినట్టు తోమిన విగ్రహాలకు కొన్నేళ్ళలో కళ్ళు, పెదాలు చదునైపోవడం నేను కళ్ళారా చూశాను. తిరుమలలో ఉత్సవమూర్తులైన మలయప్పస్వామి, అమ్మవార్ల విగ్రహాలు అరిగిపోకూడదనే విశేషపూజ, సహస్ర కలశాభిషేకం లాంటివి ఏడాదికి ఒక్కసారికి తగ్గించారు. రోజూ అభిషేకం జరిగేది చిన్న వెండి మూర్తి భోగ శ్రీనివాసుడికి. మనమూ రోజువారీ అభిషేకానికి చిన్న స్నపన విగ్రహం ఒకటి పెట్టుకుని పెద్దవాటికి పండగలకే అభిషేకం చేద్దామా అని అర్చకస్వామిని అడుగు.

అభిషేకం అయ్యాక పెరుగు, తేనె, కొబ్బరినీళ్ళు పీఠం సందుల్లో నిలిచిపోతాయి. పులుపూ ఉప్పూ రెండూ లోహాన్ని తింటాయి. మన బోరు నీళ్ళు మామూలుగానే ఉప్పు. అందుకని జిడ్డుకు పలచటి కుంకుడురసం, చివరికి రెండు బిందెల ఫిల్టర్ నీళ్ళు పోసి, మెత్తటి నూలుబట్టతో ఒత్తి, సందుల్లో తడి లేకుండా ఆరనివ్వాలి. పూలదండలు రాత్రంతా ఉంచొద్దు. తడిబట్ట చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పడేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది, అది మానిపించు.

రంగు ముదిరి గోధుమ వన్నె వస్తే భయం లేదు, అది లోహానికి కవచం. లేత పచ్చగా, పొడిపొడిగా రాలే చిలుము కనబడితే మాత్రం వెంటనే స్థపతికి చూపించు. ఉప్పు లోపలికి దిగితే తేమ తగిలినకొద్దీ ఆమ్లం పుట్టి రాగిని తొలుస్తూనే ఉంటుంది. పైపైన తుడిస్తే ఆగదు.

అర్చకస్వామి రాసిన కాగితం, పల్లకీ కొలతలు చేతికి రాగానే ఫోన్ చెయ్యి. స్వామిమలైకి నేనూ వస్తా, మోకాళ్ళ నొప్పులున్నా ఫర్వాలేదు, టికెట్ కింది బెర్తు తియ్యి. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ,
ప్రొద్దుటూరు