'ఒకటిన్నర రెట్లు' వేరు, 'ఒకటిన్నర రెట్లు ఎక్కువ' వేరు

సందేహం: నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులను తల్లిదండ్రుల కోసం తెలుగులో రాస్తుంటాను. ఎడమ కర్ణికకూ (గుండెలో ఎడమవైపు పైగది) బృహద్ధమనికీ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) నిష్పత్తి 1.5 అని ఉంటే, '32వ వారంలో పుట్టిన ఈ బిడ్డకు కర్ణిక బృహద్ధమని కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఉంది' అని రాశాను. సరైనదేనా? 'నాళం వెడల్పు 2 మిల్లీమీటర్లు' తర్వాత 'ఉంది' అనాలా, 'ఉన్నాయి' అనాలా?

సమాధానం: 'ఎక్కువ' తీసెయ్యండి. బృహద్ధమని అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు, కర్ణికది 9 అనుకుందాం. తొమ్మిది ఆరుకు ఒకటిన్నర రెట్లు. ఆరు కన్నా ఎక్కువున్నది మూడే, అంటే సగం. 'ఒకటిన్నర రెట్లు ఎక్కువ' కావాలంటే ఆరుకు తొమ్మిది కలిసి 15 అవ్వాలి. 'రెట్లు'కు ముందు 'కు', 'ఎక్కువ'కు ముందు 'కన్నా' రావడం మన వాడుక. మీ వాక్యంలో ఆ రెండు పద్ధతులూ కలగలిశాయి. 'బృహద్ధమనికి ఒకటిన్నర రెట్లు ఉంది' అనండి, లేదా 'బృహద్ధమని కన్నా సగం ఎక్కువ' అనండి. మాటల్లో రెట్టింపును 'రెండు రెట్లు ఎక్కువ' అనేస్తాం, ఎవరూ పట్టించుకోరు. రిపోర్టులో అది చెల్లదు.

ఎందుకంటే, తల్లి కడుపులో ఉండగా పుపుస ధమనిని (ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లేదాన్ని) బృహద్ధమనితో కలిపే నాళం, అంటే మీరు వెడల్పు రాసిన నాళమే, నెలలు నిండిన పిల్లల్లో మామూలుగా రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. ముందే పుట్టినవాళ్లలో తరచు తెరిచే ఉండిపోతుంది. అప్పుడు బృహద్ధమనిలోని రక్తం కొంత ఊపిరితిత్తులకు మళ్లి, తిరిగి ఎడమ కర్ణికకే చేరుతుంది. కర్ణిక సాగుతుంది. బృహద్ధమని అంతగా సాగదు కాబట్టే దాన్ని కొలబద్దగా పెట్టుకున్నారు. నిష్పత్తి 1.4, 1.5 దాటిందంటే డాక్టర్లు నాళం వెడల్పు, రక్తప్రవాహం కూడా చూసుకుంటారు, ఆ ఒక్క అంకెతో తేల్చరు. మీ వాక్యాన్ని ఉన్నదున్నట్టు లెక్కిస్తే నిష్పత్తి 2.5 అవుతుంది. ఇక తల్లిదండ్రుల టెన్షన్ చెప్పాలా!

రెండోదానికి 'ఉంది' చాలు. కర్త వెడల్పు, మిల్లీమీటర్లు కాదు. 'ఎత్తు ఆరడుగులు ఉన్నాయి' అనం కదా.

మీరు అడగలేదు గానీ, '32వ వారంలో' అన్నది కూడా సరిచూసుకోండి. గర్భవయసును నిండిన వారాల్లో లెక్కిస్తారు. 32 నిండితే నడిచేది 33వ వారం. రిపోర్టులో 32 అని ఉంటే '32 వారాలు నిండి పుట్టిన' అని రాయాలి. ఉత్త '32 వారాల బిడ్డ' అన్నారో, పుట్టి 32 వారాలైందని చదువుకుంటారు.