ముందు తీయాల్సింది సీఎఫ్ఎల్ కాదు

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు సీఎఫ్ఎల్ బల్బులు ఇంకా బాగానే వెలుగుతున్నాయి. వాటిలో పాదరసం ఉంటుంది, తీసేసి ఎల్ఈడీలు పెట్టమని హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఒకటే పోరు. పనిచేసేవాటిని పారేయడం దండగ అంటారు మా వారు. దేవుడి గదిలో పాత 60 వాట్ల బల్బు, పడకగదిలో రాత్రంతా జీరో బల్బు ఉన్నాయి. పోయినేడాది వరండాలో గాజు డూమ్ లోపల పెట్టిన ఎల్ఈడీ ఏడాది తిరక్కుండానే పోయింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, సీఎఫ్ఎల్‌ల విషయంలో మీ వారి మాటే సబబు. అబ్బాయి తపనా మంచిదే. కాకపోతే ముందు చేయి వేయాల్సింది దేవుడి గదిలో, ఆ తర్వాత పడకగదిలో.

ఇంచుమించు ఒకే వెలుతురు ఇవ్వడానికి పాత బల్బుకు 60 వాట్లు, సీఎఫ్ఎల్‌కు 14, ఎల్ఈడీకి 9 చాలు. రోజుకు ఐదు గంటల చొప్పున ఏడాదికి పాతది 110 యూనిట్లు కాలుస్తుంది, సీఎఫ్ఎల్ 25, ఎల్ఈడీ 16. మన దేశంలో ఒక్కో యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. దేవుడి గదిలో బల్బు మారిస్తే ఏటా 65 కిలోలు తగ్గుతాయి. అదే ఒక సీఎఫ్ఎల్ మారిస్తే తగ్గేది ఆరేడు కిలోలు. పాత బల్బు తీసుకునే కరెంటులో వెలుతురయ్యేది ఇరవయ్యో వంతు, తక్కినదంతా వేడే.

ఇక జీరో బల్బు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు దీన్ని వాట్‌మీటర్‌కు, అంటే ఎన్ని వాట్లు లాగుతుందో చూపే మీటరుకు కలపమంటాను. పేరుకు జీరో అయినా ముల్లు 12కీ 15 వాట్లకీ మధ్య నిలబడగానే పిల్లలు కనెక్షన్ తప్పుగా ఇచ్చామేమోనని మళ్లీ సరిచూసుకుంటారు. తప్పేం ఉండదు, ఆ బల్బు నిజంగానే అంత లాగుతుంది. రాత్రికి పది గంటలు వెలిగితే ఏడాదికి 55 యూనిట్ల దాకా అవుతుంది. అంటే మీరు తీసేయాలా వద్దా అని మథనపడుతున్న సీఎఫ్ఎల్‌లు రెండింటి ఖర్చు. అర వాటు ఎల్ఈడీ నైట్ ల్యాంప్ పెట్టండి, ఏడాదంతా రెండు యూనిట్లు కూడా కావు.

పాదరసం సంగతి. ఒక్కో సీఎఫ్ఎల్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములు. గాజు పగలనంతవరకు అది బయటికి రాదు. మన థర్మల్ కేంద్రాల్లో తగలబెట్టే బొగ్గులోనూ పాదరసం ఉంటుంది, పొగతోపాటు గాల్లోకి పోతుంది, కాబట్టి కరెంటు ఆదా చేస్తే ఆ మేరకు అదీ తగ్గుతుంది. ఒకవేళ చేతిలోంచి జారి పగిలితే టెన్షన్ పడకుండా ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని పావుగంట బయట ఉండండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు. గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, సన్నని పొడిని టేపుతో అద్ది తీసి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ మూత బిగించిన సీసాలో వేయండి. మాడిపోయిన సీఎఫ్ఎల్ కూడా తడిచెత్తలోనో పొడిచెత్తలోనో కలపకండి. అట్టపెట్టెలో పెట్టి, చెత్త బండి అబ్బాయికి చెప్పి విడిగా ఇవ్వండి. చెప్పకపోతే అతని చెయ్యే కోసుకుంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న మినమాటా ఒప్పందం కింద 30 వాట్లలోపు మామూలు సీఎఫ్ఎల్‌ల తయారీ 2025తో ఆపేయాలని 2022లోనే నిర్ణయించారు కాబట్టి, ఉన్నవి అరిగేదాకా వాడుకుని ఆ తర్వాత ఎల్ఈడీలకు మారండి. ఈలోగా వాటిని బాత్రూంలో మాత్రం పెట్టకండి, మాటిమాటికీ స్విచ్ వేసి ఆపితే తొందరగా పోతాయి.

మీ ఎల్ఈడీ పోవడానికి ఆ డూమే కారణమై ఉంటుందని నా అనుమానం. ఇలా పోయినవి విప్పి చూస్తే వెలుగిచ్చే చిప్పులు చాలావరకు బాగానే ఉంటాయి. కింద చిప్పులకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు మీద కెపాసిటర్ అనే చిన్న భాగం నెత్తి ఉబ్బి కనిపిస్తుంది. గాలాడని చోట వేడి పోయే దారి లేక అలా అవుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అల్యూమినియం, సర్క్యూట్ బోర్డు, ఇంత సరుకు పెట్టి చేసిన వస్తువు పదిహేను వేల గంటలైనా వెలగాలి, ఏడాదికే చెత్తలోకి పోతే పర్యావరణానికి మనం చేసిన మేలేముంది? ఎల్ఈడీ బల్బులు చవగ్గా అందించే కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం కోసం 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016కల్లా 38కి దిగింది. ధర అంత తగ్గాక ఇంకా చవగ్గా రోడ్డు పక్కన దొరికే పేరులేని బల్బు కొనాల్సిన అవసరం లేదు. పెట్టె మీద కరెంటు ఆదాను తెలిపే బీఈఈ స్టార్ గుర్తు, వాటుకు ఎన్ని ల్యూమెన్లో (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) చూసి కొనండి. బిల్లు దాచండి, వారంటీలో ఉంటే మార్చి ఇమ్మని గట్టిగా అడగండి. వరండాకు అడుగున తెరిచి ఉండే షేడ్ పెట్టించండి.

పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30తో సరిపెడుతుంది. అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ఏదైనా కొనిస్తానంటే, రోజంతా తిరిగే ఫ్యాన్ ఏదో అది మార్పించుకోండి.