నీట్‌కి పన్నెండు రోజులే ఉంది, ఫిజిక్స్ సగం కూడా అవ్వలేదు, ఏం చదవాలి, ఏం వదిలేయాలి?

చెల్లెమ్మా, రొటేషన్ చాప్టర్ ముట్టుకోలేదు, మాక్ టెస్టుల్లో ఫిజిక్స్ 60 దాటట్లేదు, ఏడుపొస్తోంది అని రాసావు కదా, 2023లో అచ్చం నా పరిస్థితి ఇదే. అప్పుడు నాకు 180కి 54 వచ్చాయి, 2024లో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తర్వాత 128. ఏడాది చదివాను కాబట్టే పెరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పడం, కానీ ఏప్రిల్ మూడో వారం దాకా కూడా మాక్‌లో 95 దగ్గరే కొట్టుకుంటున్నా, మిగతా 30 చిల్లర మాత్రం ఆ ఆఖరి రోజుల్లోవే.

మొదటిసారి నేను చేసిన పని చెప్తాను, నువ్వు చెయ్యకు. మాది ముక్తేశ్వరం దగ్గర ఊరు, ఇంట్లో అందరూ దాళ్వా కోతల హడావిడిలో ఉన్నారు, నేను మేడ మీద గదిలో కూర్చుని చాప్టర్ మొత్తం ఒకేసారి చెప్పేసే వన్‌షాట్ వీడియోలు డబుల్ స్పీడ్‌లో పెట్టుకుని పొద్దున్నించి రాత్రి దాకా చూసేదాన్ని. రోజుకి మూడు చాప్టర్లు అయిపోయాయని డైరీలో టిక్కులు కూడా కొట్టుకున్నా. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుందమ్మా, కాలవ గట్టు మీద కూర్చుని ఈత కొట్టేవాళ్ళని చూస్తే మనకీ ఈతొచ్చనిపించదూ, అలా. తీరా హాల్లో పేపరు చూస్తే అన్నీ ఎక్కడో విన్నట్టే ఉన్నాయి గానీ పెన్ను కదల్లేదు.

రెండోసారి వీడియో ఒక్కటి కూడా చూడలేదు. అప్పటిదాకా రాసిన మాక్ పేపర్లన్నీ బయటకి తీసి ఫిజిక్స్‌లో తప్పయిన ప్రతి లెక్కా ఒక పాత నోట్‌బుక్‌లోకి ఎక్కించా, పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్క. ఒక పేపర్ల కట్టలో 43 తప్పులు లెక్కేస్తే ఫార్ములా తెలియక పోయినవి 9. మిగతావన్నీ వ్యాసం ఇస్తే వ్యాసార్థం అనుకోవడం, సెంటీమీటర్లు మీటర్లు చెయ్యకపోవడం, కెపాసిటర్లని రెసిస్టర్లలా కలిపెయ్యడం, 'కానిది ఏది' అని అడిగితే అయినది పెట్టడం. నాకు నా మీదే అసహ్యం వేసింది. ఆ నోట్‌బుక్కే నా సిలబస్ అయిపోయింది, రోజూ అందులో ఇరవై లెక్కలు జవాబు మూసేసి మళ్ళీ చేత్తో చేసేదాన్ని.

ఇంక చాప్టర్ల సంగతి. కొత్తగా మొదలెట్టాలంటే చిన్నవి, ఖచ్చితంగా అడిగేవి పట్టుకో. సెమీకండక్టర్లు, లాజిక్ గేట్లు ఒక పూట పని. మోడర్న్ ఫిజిక్స్‌లో నాలుగు నంబర్లు వేళ్ళ మీద ఉంటే సగం లెక్కలు అయిపోతాయి: 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది, ఎలక్ట్రాన్ డీబ్రాయ్ తరంగదైర్ఘ్యం 12.27 బై రూట్ వోల్టేజి ఆంగ్‌స్ట్రామ్‌లు, హైడ్రోజన్ శక్తి స్థాయిలు మైనస్ 13.6, 3.4, 1.51, 0.85 ఎలక్ట్రాన్ వోల్టులు. కరెంట్ ఎలక్ట్రిసిటీ వదలకు. ఇంకా ఎవరూ పట్టించుకోనిది ప్రయోగాల యూనిట్, వెర్నియర్, స్క్రూ గేజ్, మీటర్ బ్రిడ్జ్ లాంటివన్నీ సిలబస్‌లో ఉన్నాయి, జీరో ఎర్రర్ పాజిటివ్ అయితే తీసెయ్యాలి అన్న ఒక్క మాట గుర్తులేక నేను ఒక మాక్‌లో నాలుగు మార్కులు పోగొట్టుకుని, తప్పు జవాబుకి కోసే మైనస్ మార్కు ఇంకోటి పైన సమర్పించుకున్నా. రొటేషన్ మొత్తం ఇప్పుడు వద్దు, రింగు, డిస్కు, గోళం, కడ్డీల జడత్వ భ్రామకాలు, దొర్లేటప్పుడు మొత్తం గతిశక్తి ఎంతో, ఇవి చాలు, మిగతాది దేవుడికొదిలెయ్.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మాత్రం కొత్త ఎడిషన్‌దే చదువు. నేను రాసిన 2024 పేపర్లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది, ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి అని ఒక వాక్యం, పాత పుస్తకం ప్రకారం ఒకటి, కొత్తదాని ప్రకారం ఇంకోటి జవాబు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఐఐటీ ఢిల్లీ వాళ్ళని అడిగితే గానీ తేలలేదు. రేడియోధార్మిక మూలకాలు స్థిరంగా ఉండవు కదా అని ఒక్క క్షణం ఆలోచిస్తే పాత పుస్తకం చదివినవాళ్ళకీ తట్టేది, కానీ హాల్లో ఆ క్షణం ఎవరికుంటుంది.

రివర్ బోట్ లెక్కలు నీకు ఎప్పుడూ కన్‌ఫ్యూజ్ అని రాసావు. గోదారి దగ్గర పుట్టి అదేం మాటమ్మా! కోటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కినప్పుడు చూడు, ఎదురుగా ఉన్న రేవుకే సూటిగా చేరాలంటే దాన్ని నడిపే సరంగు ముక్కు కాస్త ఎగువకి తిప్పి పెడతాడు. నది కిలోమీటరు వెడల్పు, పడవ వేగం గంటకి 5 కిలోమీటర్లు, ప్రవాహం 3 అనుకో. సూటిగా చేరితే నికర వేగం 4, పావుగంట. అలాక్కాకుండా ముక్కు నేరుగా అవతలి గట్టుకి పెడితే 12 నిమిషాల్లోనే గట్టు తగులుతుంది గానీ 600 మీటర్లు దిగువకి కొట్టుకుపోతావు. తక్కువ టైమా, తక్కువ దూరమా అన్నది ప్రశ్నలో చూస్కో, అంతే తేడా.

మా అప్పుడు సెక్షన్ బి లో 15కి 10 రాస్తే సరిపోయేది, 2025 నుంచి ఆ ఛాయిస్ తీసేసారు, ఫిజిక్స్ 45కి 45, మొత్తం 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. బయాలజీ 50, కెమిస్ట్రీ 45, ఫిజిక్స్ 70, జవాబు పత్రంలో గుండ్రాలు నింపే బబ్లింగ్‌కి 15 నిమిషాలు అని నేనైతే పెట్టుకుంటా. ఫిజిక్స్‌తో మొదలెట్టకు, ఒక్క లెక్క దగ్గర ఇరుక్కుంటే బయాలజీ కూడా వణికిపోతుంది. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి కాబట్టి ఏమీ తెలియని దానికి గుడ్డిగా కొడితే సగటున పావు మార్కు మిగులుతుంది, దానికోసం బెంగ అనవసరం, రెండు ఆప్షన్లు కొట్టెయ్యగలిగితే మాత్రం ధైర్యంగా పెట్టెయ్, సగటున ఒకటిన్నర.

ఇంకోటి, ఈ పన్నెండు రోజులూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు ఫిజిక్స్ లెక్కలే చెయ్యి, పరీక్ష ఆ టైంలోనే. కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి వేసి మా మామ్మ పెట్టిన అన్నం తింటే రెండింటికల్లా కళ్ళు మూతలు పడేవి, పైగా ఆ ఉక్కపోత, కరెంటు పోవడం, అలవాటు చేసుకోడానికి నాకు వారం పట్టింది. సెంటర్ కాకినాడలో పడితే ముందురోజే రేవు దాటి వెళ్ళిపోయి చుట్టాలింట్లో పడుకో, గేటు ఒకటిన్నరకి మూసేస్తారు, పంటు మన కోసం ఆగదు.