ఎమ్మెల్యే నిజాయితీగా ఉంటూ పదేపదే గెలవగలరా?

గెలవగలరు. మా దగ్గర ఒకాయన ఐదుసార్లు గెలిచారు. మీ ప్రశ్నలో రెండో ముక్క ఉంది కదా, "సింపుల్‌గా సైకిలు మీద తిరిగితే పల్లె జనం ఓట్లేస్తారా" అని, దానికి మాత్రం అంత తేలిగ్గా అవునని చెప్పలేను.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఇల్లందు పక్క పల్లె. గుమ్మడి నర్సయ్య గారు 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో మా ఎమ్మెల్యేగా గెలిచారు. కోయ కుటుంబం, ఊరు టేకులగూడెం. వెనకున్నది కమ్యూనిస్టుల్లో ఒకటైన ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ. జీతం పార్టీకి ఇచ్చేసి ఆర్టీసీ బస్సులో తిరిగిన సంగతి వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. అది నిజమే. ఆ ఫొటోల్లో కనపడనిది ఊరూరా ఉన్న ఆ పార్టీ సంఘం. యాభై ఆకుల తునికాకు (బీడీ ఆకు) కట్టకు రేటు పెంచాలని ఎండల్లో కొట్లాడిందీ, అడవి కొట్టి సాగుచేసుకున్న పోడు చేలల్లోకి ఫారెస్టోళ్లు వస్తే పోగయిందీ వాళ్లే. ఎన్నికలొస్తే సద్ది కట్టుకుని ఇంటింటికీ తిరిగేది కూడా వాళ్లే.

దాని విలువ నాకు తెలిసొచ్చింది తర్వాత ఇంకో ఎమ్మెల్యే (పేరెందుకులెండి) క్యాంపాఫీసులో లెటర్లు టైపు చేసేటప్పుడు. పొద్దున ఆరింటికే వరండా నిండేది. ఫలానా చట్టం ఏమైందని అడిగినవాళ్లను నేనైతే చూడలేదు. భర్త గుండె ఆపరేషన్ బిల్లులు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఒకామె వచ్చేది, సీఎంఆర్ఎఫ్‌కు (ముఖ్యమంత్రి సహాయ నిధికి) లెటర్ కావాలి. ఏ బిల్లు మీదో ఆస్పత్రి ముద్ర ఉండేది కాదు, మళ్లీ వెళ్లి వేయించుకు రమ్మని చెప్పాలంటే నోరొచ్చేది కాదు. తర్వాత కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, టీచరమ్మ బదిలీ, తిరుపతి దర్శనం.

మాఘమాసం వస్తే మాకు అసలు టెన్షన్. శుభలేఖలన్నీ మండలాల వారీగా కట్టలు కట్టి, కవర్లలో 1,116 పెట్టి, ఏ పెళ్లికి సారు స్వయంగా పోవాలి, దేనికి వాళ్ల తమ్ముడు పోతే సరిపోతుంది అని రాత్రి కూర్చుని లిస్టు రాసేవాళ్లం. చావులకు మాత్రం తమ్ముడు పోతే కుదరదు. "మా నాయన పోతే కనీసం చూడ్డానికి రాలేదు" అనే మాట మళ్లీ ఎన్నికల దాకా నలుగుతూనే ఉంటుంది.

2016లో తెలంగాణ ఎమ్మెల్యేలకు అలవెన్సులతో కలిపి నెలకు రెండున్నర లక్షలు చేశారు. ఎక్కువే అనిపిస్తుంది గానీ డీజిలు, కవర్లు, వరండాలో టీలు, వెంట తిరిగే కుర్రాళ్ల భోజనాలు, ఇవన్నీ అందులో తేలవు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందంటే, పొద్దున వరండాలో కాకుండా రాత్రి లోపలి గదిలో కూర్చునే కాంట్రాక్టర్ల నుంచి. నర్సయ్య గారికి ఆ అవసరం పడలేదు. ఈ పనుల్లో సగం ఊళ్లో సంఘమే చూసుకునేది, పంచాయితీ కూడా అక్కడే తెగేది.

అలాగని ఆయన ఓడలేదా? 1994లో తెలుగుదేశంతో పొత్తున్న సీపీఐ అభ్యర్థి చేతిలో ఓడారు. 2009లో మళ్లీ ఓడాక ఇక అసెంబ్లీకి వెళ్లలేదు. మనిషి మారింది లేదు. జనం డబ్బుకు అమ్ముడుపోయారని మా వాళ్లే తిడుతుంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. కుర్రాళ్లు పనులకు హైదరాబాద్ పోయారు, పార్టీ తర్వాత చీలింది కూడా. ఊళ్లో సంఘం జెండా గద్దె ఉంది, మీటింగుకు పిలిస్తే వచ్చేవాళ్లు తగ్గారు.

మీ బావమరిది వచ్చేసారి నిలబడతానంటున్నాడని రాశారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 40 లక్షలు, అది ఎలా తేవాలా అని ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దనండి. తెల్లారుజామున మాక్ పోల్ (ఓటింగుకు ముందు మిషన్లను పరీక్షించడం) నుంచి సాయంత్రం మిషన్లకు సీలు వేసేదాకా, డబ్బు తీసుకోకుండా బూత్‌లో కూర్చునే ఏజెంట్లు ఎన్ని ఊళ్లలో దొరుకుతారో ముందు రాసుకోమనండి. ఒక్క మండలం కూడా నిండకపోతే ఎంపీటీసీకి (మండల పరిషత్ సభ్యుడిగా) పోటీ చేయడం మంచిది.